ఆవేళ వదిలేసిన గ్యాస్

1996లో పాలకొల్లులో ఒక ఫ్రిజ్ రిపేరు షాపులో పని నేర్చుకోవడానికి చేరాను. కంప్రెసర్ మార్చాలంటే ముందు రాగి గొట్టం కోసెయ్యడమే. బుస్సుమని గ్యాస్ పోయేది. గొట్టం చివర తెల్లగా మంచు పట్టేది, వేలు తగిలితే చురుక్కుమనేది. ‘ఇదెక్కడికి పోతుందండీ?’ అంటే, ‘గాల్లో కలిసిపోద్దిరా అబ్బాయ్, ఎండకి మాడిపోద్ది’ అనేవారు మా గురువుగారు. పాపం, ఆయనకి తెలిసిందే చెప్పారు.

అది ఆర్-12 అనే ఫ్రిజ్ గ్యాస్, తెల్ల సిలిండర్‌లో వచ్చేది. పాలకొల్లు ఎండకి అది మాడదని చాలా ఏళ్ల తర్వాత ఒక ట్రైనింగ్‌లో విన్నాను, ఆపైన కూర్చుని చదువుకున్నాను. ఆ అణువుని విడగొట్టేవి 190 నుంచి 220 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలు. వాటిని పైనున్న గాలీ ఓజోనూ కిందికి రానివ్వవు. వానకీ అది కరగదు. అందుకని ఏళ్ల తరబడి పైకి పాకి, 20 కిలోమీటర్లు దాటాక ఆ ఎండ తగిలి విరుగుతుంది. విరిగినప్పుడు ఊడిన ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష దాకా ఓజోన్ అణువుల్ని తినేస్తుంది. రోలండ్, మొలీనా అనే రసాయన శాస్త్రవేత్తలు ఈ సంగతి 1974లోనే చెప్పారు. వాళ్లకి నోబెల్ 1995లో వచ్చింది, నేను పానా పట్టడానికి సరిగ్గా ఏడాది ముందు! ఆ కబురు మా షాపు గుమ్మం దాకా రాలేదు.

ఆర్-12 ఆయుష్షు సుమారు 100 ఏళ్లు. నా చేత్తో వదిలిందాంట్లో ముప్పాతిక వంతు ఇంకా పైనే ఉంది. ఈ లెక్క వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత వచ్చిన ఆర్-134ఎలో హైడ్రోజన్ ఉంది, దాని కథ వేరు. ఎండ కింది గాలిలోని ఓజోన్‌ని విడగొడితే ఊడిన ఆక్సిజన్ నీటి ఆవిరిని ఢీకొని హైడ్రాక్సిల్ అవుతుంది. అది బతికేది క్షణం కూడా కాదు, కానీ ఎదురైన అణువులోంచి హైడ్రోజన్‌ని లాగేస్తుంది. అక్కడితో ఆ అణువు పని అయిపోయినట్టే. దీనికి ఎండా కావాలి, తేమా కావాలి. వైశాఖంలో చెరువుల మీంచి, కాలవల మీంచి లేచి చొక్కాని వీపుకి అంటించే మన ఉక్కపోత ఉంది చూడండి, ఆ ఆవిరే ఇందులో సరుకు. అయినా 134ఎ పోవడానికి 14 ఏళ్లు పడుతుంది. ఈలోగా కిలోకి కిలో లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది. ఇప్పటి ఫ్రిజ్‌ల్లో ఉండే ఆర్-600ఎ అయితే రోజుల్లోనే పోతుంది. కాకపోతే మంట అంటుకునే గ్యాస్, వెల్డింగ్ దగ్గర జాగ్రత్త.

మొన్న నరసాపురం దగ్గర ఒక రొయ్యల రైతు ఇంట్లో పాత ఏసీ విప్పుతూ గ్యాస్ సిలిండర్‌లోకి లాగుతుంటే, ‘అరగంట దండగ, వదిలెయ్యవయ్యా’ అన్నాడాయన. కుదరదండీ అన్నాను.

మా షెడ్డులో ఒక తెల్ల సిలిండర్ ఉంది, అడుగున కాస్త ఆర్-12తో. నెలకోసారి వాల్వుకి సబ్బు నురగ రాసి చూస్తాను. నిన్న కూడా చూశాను. బుడగ రాలేదు.