కుటుంబ సభ్యుల పత్రంలో నా పేరు ఎక్కడానికి ఇంత కథా? (నా అనుభవం)

నిన్న సాయంత్రం కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, అంటే చనిపోయినవాళ్ల కుటుంబంలో ఎవరెవరున్నారో ప్రభుత్వం రాసిచ్చే కాగితం, చేతికొచ్చింది. అందులో తమ్ముడి పేరూ ఉంది, నా పేరూ ఉంది. రెండో పేరు ఎక్కడానికి పడ్డ అవస్థ మరచిపోకముందే రాసేస్తున్నాను. అమ్మ పోయి ఏడాది కూడా తిరగలేదు. ఈ కాగితాల గొడవలో పడి సరిగ్గా ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు.

అమ్మ శ్రీకాకుళం కోర్టులో లాయరు. ఎక్కువగా ఆడవాళ్ల కేసులే చూసేది. మనోవర్తి, గృహహింస, పుట్టింటి భూమిలో వాటా. ఇవ్వగలిగినవాళ్లు ఫీజు ఇచ్చేవారు. ఉద్దానం నుంచి వచ్చేవాళ్లు పనసకాయో, సంచీడు జీడిపప్పో తెచ్చి గుమ్మంలో పెట్టేవారు. నాన్న మా చిన్నప్పుడే పోయారు. మా ఇద్దరినీ చదివించింది, ఈ ఇల్లు కట్టింది ఆ ఫీజులతోనే. ఎంత పెద్ద కేసున్నా పొద్దున్నే మా క్యారేజీలు సర్దాకే ఫైలు ముట్టుకునేది. రాత్రి మేం హోంవర్కు చేసుకుంటుంటే పక్కనే కూర్చుని తన మెడబ్యాండుకి గంజి పెట్టుకునేది. ఆ పని ఇంకెవరికీ అప్పగించేది కాదు.

జబ్బు సంగతి కొంచెం చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. మొదట కడుపుబ్బరం అంది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతోంది అంది. గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ కోర్టుకి తిరిగింది. స్కానింగ్ తీసేసరికి అండాశయ క్యాన్సర్, మూడో దశ. ఈ జబ్బు చాలామందిలో ఇలా ముదిరాకే బయటపడుతుందని డాక్టరుగారు చెప్పారు. సీఏ 125 అని ఒక రక్తపరీక్ష ఉంది, మామూలుగా 35 లోపు ఉండాలి. అమ్మది వందలు దాటింది. ఆ కాగితం చూసి, "నా బతుకంతా 125 కేసులతోనే సరిపోయింది, ఇప్పుడు ఒంట్లో కూడా అదేనా తల్లీ" అంది. భార్యాపిల్లలకి మనోవర్తి ఇప్పించే సెక్షన్ పాత చట్టంలో 125. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 144 అయింది గానీ, అమ్మ నోట 125 అనే వచ్చేది.

విశాఖలో 21 రోజులకోసారి కీమో. కీమో పడ్డ వారం మంచం మీద, తర్వాత ఓపిక వస్తే కోర్టులో. జుట్టు మొత్తం ఊడాక కూడా తలకి స్కార్ఫు కట్టుకుని వాదించింది. నలభై ఏళ్లు దాటిన ఆడవాళ్లెవరికైనా రెండు మూడు వారాలు ఉబ్బరం తగ్గకపోతే దయచేసి గ్యాస్ మాత్రలతో సరిపెట్టకండి, స్కానింగ్ తీయించండి.

ఇక కాగితాల సంగతి. అమ్మ ఇంట్లోనే పోయింది, అది తన కోరిక. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఏ బాధా లేదు, మేం చేయించాం, పత్రం వచ్చేసింది. బ్యాంకులో తమ్ముడు నామినీ, అక్కడా ఇబ్బంది పడలేదు. కాకపోతే నామినీ అంటే డబ్బు తీసుకుని వారసులకి అందజేయాల్సిన మనిషే గానీ సొంతదారు కాడని సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. అమ్మ ఈ మాట క్లయింట్లకి చెప్తుంటే విని విని మాకు కంఠతా వచ్చేసింది.

అమ్మ ఫైళ్లు తిరిగివ్వడం గుమస్తాగారు చూసుకున్నారు. లాయరు చనిపోతే వకాలత్, అంటే తన తరఫున వాదించమని క్లయింటు రాసిచ్చే కాగితం, అక్కడితో ఆగిపోతుంది, క్లయింటు కొత్త లాయరుకి కొత్త వకాలత్ రాసివ్వాలి. ఒరిజినల్ దస్తావేజులు ఎవరివి వాళ్లకి సంతకం పెట్టించుకుని ఇచ్చాం. అమ్మ డైరీలో ప్రతి కేసుకీ తర్వాతి వాయిదా రాసి ఉంది. తను ఉండనని తెలిసిన నెలలకి కూడా రాసిపెట్టింది.

మిగిలింది కుటుంబ సభ్యుల పత్రం. సచివాలయంలో దరఖాస్తు పెట్టాం, విచారణకి ఒక ఉద్యోగి వచ్చాడు. ఏ ఆఫీసో, ఎవరో రాయను. అమ్మ క్లయింట్లు కూర్చునే కుర్చీలోనే కూర్చుని, కాఫీ తాగి, చుట్టుపక్కల ఇద్దరి వాంగ్మూలం తీసుకున్నాడు. వెళ్లేముందు నా వైపు తిరిగి, "మీ పేరెందుకండీ మేడమ్, మీకు పెళ్లైపోయింది కదా, మీ కార్డు విజయనగరంలో ఉంది కదా" అన్నాడు. కార్డు వేరు, కడుపున పుట్టడం వేరు అన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు.

పత్రం తమ్ముడి పేరు ఒక్కదానితోనే తయారైంది.

ఆఫీసుకి వెళ్లాం. హాలు నిండా జనం. నా దరఖాస్తు కాపీ బల్ల మీద పెట్టి, ఇందులో ఇద్దరి పేర్లు రాశాం, మీరు ఒక్కటే వేశారు అన్నాను. బల్ల వెనకాల కూర్చున్నాయన నన్ను చూడనే లేదు. తమ్ముడితో, "మీ అక్కగారికి ఏం ఇచ్చుకుంటారో మీరే ఇచ్చుకోండి బాబూ, దీన్లో ఎందుకు" అన్నాడు. నేను మళ్లీ అడిగితే, "మీవారిని తీసుకురండి మేడమ్, ఆయనతో మాట్లాడతాం" అన్నాడు. పక్క సీట్లో ఉన్నాయన ఇంకా గట్టిగా, హాలంతా వినపడేలా, "తల్లి పోయి ఏడాది కాలేదు, అప్పుడే ఆస్తికి వచ్చేశారు" అన్నాడు.

అమ్మకి ఆఖరి రోజుల్లో కడుపులో నీరు చేరితే ఆ నీరు తీయించడానికి వెంట తిరిగింది నేను. రాత్రిళ్లు వేళ తప్పకుండా మార్ఫిన్ మాత్ర వేసింది నేను. ఆ మాట విన్నాక నా గొంతు పెగల్లేదు. చేతిలో ఉన్న కాగితాలు వణుకుతున్నాయి. క్యూలో నిలబడ్డవాళ్లంతా నన్నే చూస్తున్నారు. కొందరి చూపుల్లో ఆయన మాటే కనిపించింది.

అప్పుడు వెనకాల నుంచి ఒక ముసలామె ముందుకొచ్చింది. నరసన్నపేట వైపు మనిషి, మనోవర్తి కేసులో అమ్మ క్లయింటట. "ఏటమ్మా, నువ్వు లాయరమ్మ గారి కూతురివి కావేటి? నీకే ఇలాగైతే మాలాటోళ్లకి ఏటి దిక్కు?" అంది. ఆఫీసులో ఒక్కరూ బదులు చెప్పలేదు.

ఆమె అడిగింది ముమ్మాటికీ నిజం. మా ఇంట్లో చట్టం పుస్తకాలున్నాయి, అవి చదివే అలవాటుంది, తెలిసిన లాయర్లున్నారు. ఇవేవీ లేని ఆడపిల్ల ఆ బల్ల దగ్గర ఏం చేస్తుంది? ఇంటికెళ్లిపోతుంది. అలా వెళ్లిపోవాలనే వాళ్లు అలా మాట్లాడతారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చట్టం చూద్దాం. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి సమాన హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, అప్పటికే పెళ్లైనవాళ్లని మాత్రం పక్కనపెట్టారు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా ఆ తేడా కూడా పోయింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలన్న వాదనని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అసలు మా విషయంలో ఇవేవీ అక్కర్లేదు. ఇల్లు అమ్మ స్వార్జితం, వీలునామా లేదు. హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే ఆస్తి ఎవరికన్నది 1956 చట్టం 15వ సెక్షన్‌లో ఉంది. కొడుకులు, కూతుళ్లు, భర్త, అందరూ ఒకే వరసలో. కూతురికి పెళ్లైందా, కార్డు ఏ ఊళ్లో ఉంది అని ఆ సెక్షన్ ఎక్కడా అడగదు.

ఆ రాత్రి అమ్మ పుస్తకం తీస్తే ఆ పేజీలో ఎర్ర పెన్సిల్ గీత ఉంది. జిరాక్సు తీయించాను. తమ్ముడు తెల్లకాగితం మీద, "మా అక్క పేరు లేని పత్రం నాకు అక్కర్లేదు" అని రాసి సంతకం పెట్టాడు. వాణ్ణి అమ్మ ఎలా పెంచిందో ఆ కాగితం చూస్తే తెలుస్తుంది, ఈ విషయంలో నాకు గర్వంగా ఉంది. రెండూ జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. నా పేరు తీసేయడానికి కారణం రాతపూర్వకంగా ఇవ్వమని అదే ఆఫీసులో ఇంకో దరఖాస్తు పెట్టి, ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాను. ఆ ముద్ర పడ్డాకే కదిలారు. కాబట్టి నోటిమాటతో వాదించకండి, కాగితం ఇవ్వండి, కాగితం అడగండి. దళారీకి పైసా ఇవ్వకండి. మీవారిని తీసుకురమ్మంటే తీసుకెళ్లకండి.

అన్నదమ్ములతో పోట్లాట ఎందుకని ముందే హక్కు వదులుకునేవాళ్లు మన వైపు చాలామంది. అమ్మ వాళ్లని ఎప్పుడూ తప్పుపట్టలేదు. "రాసిచ్చేస్తానంటే నీ ఇష్టమమ్మా. కాకపోతే ముందు నీ పేరు కాగితం ఎక్కనీ, తర్వాత రాసివ్వు" అనేది. ఆ మాట లోతు ఆ హాల్లో నిలబడ్డాక నాకు తెలిసింది. ఇంట్లో నా వాటా తమ్ముడికే ఉంచాలని నేను అమ్మ ఉన్నప్పుడే అనుకున్నాను. అది నేను ఇవ్వాలి. బల్ల వెనకాల కూర్చున్నాయన నా పేరు కొట్టేసి ఇప్పించకూడదు.

ఈ పత్రం జతచేసి ఇవాళ లాయర్ల సంక్షేమ నిధి దరఖాస్తు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి పంపించాం. అమ్మ ప్రతి వకాలత్ మీదా స్టాంపు అంటించి కట్టిన నిధి అది. ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ కూడా జతచేశాం, అది అమ్మ బీరువాలో పట్టుచీరల కింద దొరికింది. డబ్బు వస్తే అందులో కొంత గుమస్తాగారికి ఇవ్వాలని నేనూ తమ్ముడూ అనుకున్నాం. కీమో రోజుల్లో అమ్మ వాయిదాలన్నీ ఆయనే కాచుకున్నారు. ఆయన వద్దంటున్నారు, ఎలాగైనా ఒప్పించాలి.