కోరస్ కూడా ఇచ్చే డిలే పెడల్ కోసం ఆరు వారాలు

మొదటి వారం

మా చర్చిలో ఆదివారం ఆరాధనకు గిటార్ వాయిస్తాను. అక్కడ ఆంప్ లేదు, గిటార్ నుంచి శబ్దాన్ని గరుకుగా మార్చే ఓవర్‌డ్రైవ్ పెడల్‌కి, అక్కడి నుంచి నేరుగా మిక్సర్‌కి. క్లీన్‌గా వాయిస్తే శబ్దం మరీ పొడిగా, ఒంటరిగా వినిపిస్తుంది. నెమ్మదైన పాటల్లో డిలే (వాయించింది ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించడం) కావాలి, కార్డ్స్‌ని తీగ తీగగా విడదీసి వాయించే చోట కోరస్ కావాలి. రెండూ కొనే డబ్బు లేదు, చేతిలో ఉన్నది ఏడు వేలు. ఒక్క డిలే పెడల్‌తోనే రెండు పనులూ జరుగుతాయా అని వెతకడం మొదలుపెట్టాను. జరుగుతాయి, కానీ ప్రతి డిలే పెడల్‌తోనూ జరగవు. ఆ తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు కోరస్ అంటే ఏమిటో నాకు అర్థమైనంతవరకు. పది మంది ఒకే పల్లవి పాడితే ఏ ఇద్దరి గొంతూ సరిగ్గా ఒకే క్షణంలో ఎత్తుకోదు, శ్రుతి కూడా వెంట్రుకవాసి అటూ ఇటూ ఉంటుంది, ఆ తేడాలే బృందగానానికి నిండుదనం ఇస్తాయి. కోరస్ పెడల్ చేసేదీ అదే. మనం వాయించిన నోటుకు ఒక కాపీ తీసి, దాన్ని సుమారు 10 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వదులుతుంది. ఆ ఆలస్యాన్ని కూడా ఒకచోట నిలపకుండా నిదానంగా పెంచుతూ తగ్గిస్తూ అసలు శబ్దంతో కలుపుతుంది. ఆలస్యం మారితే శ్రుతి ఎందుకు కదులుతుందంటే, గేటు దగ్గర నిలబడి రైలు కూత వింటే తెలుస్తుంది: దగ్గరికి వస్తున్నంతసేపు కూత హెచ్చుగా ఉంటుంది, మనల్ని దాటగానే దిగిపోతుంది. 20 మిల్లీసెకన్లంటే శబ్దం దాదాపు ఏడు మీటర్లు ప్రయాణించే సమయం. అంటే ఏడు మీటర్ల అవతల ఇంకొకతను మనతోపాటే వాయిస్తూ రెండు మూడడుగులు ముందుకూ వెనక్కూ నడుస్తున్నట్టు. ఈ లెక్క బుర్రకెక్కాక మిగతాదంతా తేలికైంది.

కాబట్టి డిలే పెడల్‌లో చూడాల్సినవి ఇవీ: టైమ్ కనీసం 20, 25 మిల్లీసెకన్ల దాకా తగ్గాలి, మాడ్యులేషన్ (ఆ ఆలస్యాన్ని దానంతటదే పెంచుతూ తగ్గించే ఏర్పాటు) ఉండాలి, దాని వేగమూ లోతూ (ఎంత కదపాలో) మన చేతిలో ఉండాలి, డిలే శబ్దాన్ని అసలు శబ్దంతో సమానంగా పెంచగలగాలి. కొనేవాళ్లంతా గరిష్ఠ డిలే ఎంత అని అడుగుతారు, కోరస్ కావాలంటే కనిష్ఠం ఎంత అని అడగాలి.

రెండో వారం

కీబోర్డ్ వాయించే తమ్ముడి దగ్గర చవక డిలే పెడల్ ఒకటి ఉంటే తెచ్చుకున్నాను. వెనక మూత విప్పితే లోపల పీటీ2399 చిప్. చాలా చవక పెడల్స్‌లో ఉండేది ఇదే. ఈ చిప్ సుమారు 30 మిల్లీసెకన్ల కన్నా కిందికి దిగదు, పైకి 340 దాకా శుభ్రంగా వెళ్తుంది, ఆ తర్వాత గరగరలు మొదలవుతాయి.

అన్నట్టు, మొదటి రోజు అడాప్టర్ దొరక్క ఇంట్లో ఉన్న 9 వోల్టుల వైఫై రౌటర్ అడాప్టర్ పెట్టాను. లైటు వెలగలేదు. గిటార్ పెడల్స్‌కి దాదాపు అన్నిటికీ పిన్ను మధ్యలో నెగటివ్ ఉండాలి, రౌటర్లకు సాధారణంగా మధ్యలో పాజిటివ్ ఉంటుంది. లోపల రక్షణ డయోడ్ ఉండబట్టి పెడల్ బతికింది. వోల్టులు సరిపోతే చాలనుకోకండి, అడాప్టర్ మీద చిన్న సున్నాల బొమ్మ ఉంటుంది, అది చూడండి.

ఈ పెడల్‌లో మాడ్యులేషన్ లేదు. టైమ్ పూర్తిగా తగ్గించి, రిపీట్స్ (ప్రతిధ్వని ఎన్నిసార్లు రావాలో) సున్నా చేసి, మిక్స్ (డిలే శబ్దం పాళ్లు) సగానికి పెట్టి ఒక జీ కార్డ్ వాయిస్తే రేకు డబ్బాలో వాయించినట్టు వచ్చింది, నిండుదనం లేదు. అప్పుడు కార్డ్ మోగుతుండగానే కుడి చేత్తో టైమ్ నాబ్‌ని గోటి మందం అటూ ఇటూ తిప్పాను. ఒక్కసారిగా శబ్దంలో నీళ్లలాంటి కదలిక వచ్చింది! రెండు సెకన్లే, చెయ్యి ఆపితే మళ్లీ రేకు డబ్బా. కోరస్ అంతా ఆ కదలికలోనే ఉందని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

మూడో వారం

విజయవాడ పటమటలో నాకు తెలిసిన అన్న దగ్గర ఎంఎక్స్ఆర్ కార్బన్ కాపీ అనే డిలే పెడల్ ఉంది. శనివారం బస్సెక్కి వెళ్లాను. గిటార్ బయటకు తియ్యగానే "ముందు టైమ్ పూర్తిగా తగ్గించు తమ్ముడూ, తర్వాత మాడ్ బటన్ నొక్కు" అన్నాడు. రెజెన్ (రిపీట్స్‌కి ఇందులో పేరు) సున్నా, మిక్స్ సగం పైన. మెత్తగా, కొంచెం చీకటిగా ఉండే కోరస్ వచ్చింది, నాకు చాలా నచ్చింది.

ఇందులో ఉండేది బకెట్ బ్రిగేడ్ చిప్. 1969లో ఫిలిప్స్ కంపెనీలో కనిపెట్టిన పద్ధతి. నిప్పంటుకుంటే జనం వరసగా నిలబడి బిందెలు అందించుకుంటారు చూడండి, అలా శబ్దం ఒక అంచె నుంచి ఇంకో అంచెకు చేతులు మారుతూ వెళ్తుంది. చేతులు నెమ్మదిగా మారితే డిలే పెరుగుతుంది, వేగంగా మారితే తగ్గుతుంది. దారిలో కాసిని నీళ్లు ఒలికినట్టు పై స్వరాల మెరుపు కొంత పోతుంది, ఆ మెత్తదనం అందుకే. బాస్ కంపెనీ వాళ్ల పాత సీఈ-2 కోరస్ పెడల్‌లో 1024 అంచెల చిప్, బాస్ డీఎం-2 డిలే పెడల్‌లో 4096 అంచెల చిప్. తేడా ప్రధానంగా పొడవులోనే, కోరస్ అనేది పొట్టి డిలేయే. ఎలక్ట్రో-హార్మోనిక్స్ వాళ్ల డీలక్స్ మెమరీ మ్యాన్ డిలే పెడల్ మీద కోరస్, వైబ్రాటో అని స్విచ్చే ఉంటుంది, కానీ అది నా బడ్జెట్‌కి అందేది కాదు.

కార్బన్ కాపీలో మాడ్యులేషన్ వేగానికీ లోతుకీ బయట నాబ్స్ లేవు. వెనక నాలుగు స్క్రూలు విప్పితే బోర్డు మీద బియ్యపు గింజకన్నా కొంచెం పెద్దవి రెండు ట్రిమ్ పాట్‌లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న నాబ్స్) ఉంటాయి. అన్న ముందుగా వాటిని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు, మళ్లీ ఉన్నచోటికి తేవడానికి. తర్వాత వాచీలు బాగుచేసే స్క్రూడ్రైవర్‌తో లోతు కొంచెం పెంచాడు. ఒక గీత తిప్పితే మంచి కోరస్, ఇంకో గీతకు శ్రుతి తప్పిన గిటార్. చాలా సున్నితం.

అయినా నాకు ఇది కుదరదనిపించడానికి కారణం పాటల వేగం. మేం పాడే నెమ్మది పాటలు 72 బీపీఎం (నిమిషానికి 72 బీట్లు) దగ్గర ఉంటాయి. 60,000ని బీపీఎంతో భాగిస్తే ఒక బీట్‌కి పట్టే మిల్లీసెకన్లు వస్తాయి, 72కి 833. డాటెడ్ ఎయిత్ అనే ముప్పావు బీట్ డిలే కావాలంటే అందులో ముప్పావు, 625. కార్బన్ కాపీ గరిష్ఠం 600. అక్కడే ఆగిపోయింది. పైగా ట్యాప్ టెంపో (బీట్ కొట్టి వేగం చెప్పే బటన్) లేదు, పాటల మధ్య నాబ్‌ని అంచనాతో తిప్పాలి, చర్చిలో అంత తీరిక ఉండదు.

నాలుగో వారం

టీసీ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌బ్యాక్ డిలే పెడల్, మొదటి మోడల్, సెకండ్ హ్యాండ్‌లో ఆరున్నర వేలకు దొరికింది. డిలే 20 మిల్లీసెకన్ల నుంచి 7 సెకన్ల వరకు. మాడ్ అనే స్థానం వేరే ఉంది, డాటెడ్ ఎయిత్‌కి చిన్న స్విచ్ ఉంది. ట్యాప్ బటన్ లేకపోయినా ఫుట్‌స్విచ్ నొక్కి పట్టుకుని తీగల మీద నాలుగు బీట్లు కొడితే ఆ వేగాన్నే తీసుకుంటుంది, ఇది వాయించేవాడి అవసరం తెలిసినవాళ్లు పెట్టిన సదుపాయం అనిపించింది.

అమ్మినతను బాగా పనిచేస్తుందన్నాడు, ఇంటికొచ్చాక చూస్తే టైమ్ నాబ్ కదిపినప్పుడల్లా డిలే ఎగిరెగిరి పడుతోంది. నాబ్ లోపల దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే రెండు చుక్కలు పోసి ఇరవై ముప్పైసార్లు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పితే పోయింది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ప్రతి నాబ్‌నీ శబ్దం వస్తుండగా నిదానంగా తిప్పి చూడండి, స్విచ్ ఒక్కటే నొక్కి చూసి డబ్బులిచ్చేయకండి. అడాప్టర్ 9 వోల్టులు, కనీసం 100 మిల్లీఆంప్స్. ఓవర్‌డ్రైవ్‌కీ దీనికీ ఒకే అడాప్టర్ నుంచి వైరు చీల్చి ఇస్తే సన్నటి కీచుమనే మోత వచ్చింది, విడివిడిగా ఇచ్చాక తగ్గింది.

ఐదో వారం

మాడ్ స్థానంలో టైమ్ పూర్తిగా తగ్గించి, ఫీడ్‌బ్యాక్ (ఇదీ రిపీట్సే) సున్నా, లెవెల్ సగం దాటించి వాయిస్తే కోరస్ వచ్చింది, కానీ వేగం నేను అనుకున్నంత నిదానంగా లేదు. ఇక్కడే టోన్‌ప్రింట్ అనే సదుపాయం పనికొచ్చింది. ఫోన్‌లో యాప్ పెట్టి, స్పీకర్‌ని గిటార్ పికప్ మీద దాదాపు ఆనించి బీమ్ నొక్కితే ఫోన్ కిచకిచమంటుంది, ఆ కిచకిచే వైరులో ప్రయాణించి పెడల్‌లోకి కొత్త సెట్టింగ్‌గా చేరుతుంది. మొదటిసారి ఎక్కలేదు, నా గిటార్ వాల్యూమ్ సగంలో ఉంది. పూర్తిగా పెంచి, మధ్యలో ఓవర్‌డ్రైవ్ ఆపేసి, ఫోన్ సౌండ్ కూడా పెంచాక ఎక్కింది.

తర్వాత యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కి కలిపి ఎడిటర్‌లో వేగం, లోతు నేనే మార్చుకున్నాను. వేగం రెండు సెకన్లకు ఒక ఊపు. లోతుని శ్రుతి తేడా చెవికి తెలిసేదాకా పెంచి, అక్కడి నుంచి మూడో వంతు వెనక్కి తెచ్చాను. ఇది రాత్రి పదకొండు గంటలకు హెడ్‌ఫోన్స్‌లో వింటుంటే, మూడేళ్లుగా అదే గిటార్ వాయిస్తున్నానా అనిపించింది, ఎంత సంతోషమేసిందో.

లోపం కూడా చెప్పాలి. ఈ మోడల్‌లో టోన్‌ప్రింట్‌కి ఒక్కటే స్థానం. అందులో కోరస్ పెట్టుకున్నాను కాబట్టి, టేప్ డిలే (పాత టేపు యంత్రాల ప్రతిధ్వనిలాంటిది) కావాలంటే వంగి నాబ్ తిప్పాలి, టైమ్ కూడా మార్చాలి. ఒకే పాటలో రెండూ కావాలన్నా, రెండూ ఒకేసారి మోగాలన్నా ఒక్క పెడల్‌తో అవ్వదు. మీ పాటల్లో అది తప్పనిసరి అయితే చవకదైనా విడిగా ఒక కోరస్ పెడల్ కొనుక్కోవడమే మంచిది.

ఆరో వారం

నిన్న ఆరాధనలో వాయించాను. రెండు నెమ్మది పాటలకు డాటెడ్ ఎయిత్ డిలే, మూడో పాటకు కోరస్. ఇంట్లో సరిగ్గా ఉన్న లోతు హాల్లో ఎక్కువైంది. మా హాల్ పొడవు, వెనక గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని దీనికి తోడై కింది తీగలు బురదగా వినిపించాయని మిక్సర్ దగ్గర ఉండే అన్నయ్య చెప్పాడు. ఆయనే గిటార్ చానల్‌లో బాస్ (కింది స్వరాలు) కొంచెం తగ్గించాడు, రెండో చరణానికి కుదురుకుంది. వచ్చే ఆదివారానికి లోతు ఇంకొంచెం తగ్గించి, కార్డ్స్‌ని పై నాలుగు తీగల మీదే పట్టుకుని వాయిస్తాను. శుక్రవారం రిహార్సల్‌కి కంప్యూటర్ కూడా తీసుకెళ్తున్నాను, హాల్లోనే వింటూ మార్చుకోవడానికి.