రాచకొండలో కొరివి దయ్యాలు

హైదరాబాద్‌లో చాలామందికి రాచకొండ అంటే 2016లో పోలీసు కమిషనరేట్‌కు పెట్టిన పేరే. కొండ ఎక్కినవారు తక్కువ. దీపావళి అమావాస్య వెళ్లిన నాలుగు రోజులకు నేను బయలుదేరాను. ఇబ్రహీంపట్నం, మంచాల దాటాక రోడ్డు సన్నబడింది. రెండు పక్కలా తంగేడు, సీతాఫలం చెట్లు.

కొండ కింద మేకలు కాస్తున్న ఒక పెద్దాయన కనిపించాడు. దారి అడిగితే ముందు నా చెప్పుల వైపు, తర్వాత పొద్దు వైపు చూశాడు.

"పొద్దు గూకకముందే దిగిపో బిడ్డా. అమావాస్యకు పైన గుడి దగ్గర కొరివి దయ్యాలు తిరుగుతాయి. మొన్న కూడా చూశాను. ఒకటి ఆరుతుంది, ఇంకొకటి వెలుగుతుంది."

చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పిన కొరివి దయ్యం కూడా అంతే. చేతిలో నిప్పు పట్టుకొని పొలం గట్ల మీద నడిచేది. ఆ భయం నాలో ఇంకా ఉంది. దాచుకోవడం ఎందుకు?

కాలిబాట ముళ్లపొదల్లోంచి కోట గోడ దగ్గరకు చేరింది. అక్కడ నా కాళ్లు ఆగిపోయాయి. మనిషంత రాళ్లను సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు. రెండు రాళ్ల మధ్య గోరు దూర్చి చూశాను, దూరలేదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక రేచర్ల పద్మనాయక రాజులు రాజధాని చేసుకున్న చోటు ఇది. ఆ వంశపు రాజు సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతంలో అలంకారశాస్త్రం రాసింది ఈ కొండల నడుమే. ఇన్నేళ్లు గోల్కొండకే చుట్టాలను తిప్పిన నాకు ఆ గోడ ముందు సిగ్గు వేసింది.

ద్వారాలు దాటి పైకి వెళితే ఒక శిథిలమైన చిన్న గుడి. లోపల నేల తవ్వి ఉంది, నడుము లోతు గుంత. అంచున కోసిన నిమ్మకాయలు, కుంకుమ, వాడి పారేసిన టార్చిలైటు బ్యాటరీలు నాలుగు. మట్టి ఇంకా పూర్తిగా ఆరలేదు. గుంత పక్కన నంది ఒరిగి పడి ఉంది. దాని మెడలోని గంటల వరస మీద గడ్డపార దెబ్బ, తెల్లగా, కొత్తగా.

పెద్దాయన చూసిన వెలుగులు ఏమిటో అప్పుడు అర్థమైంది. గుప్తనిధుల కోసం తవ్వేవారికి దయ్యం మాట కంటే మంచి కాపలా లేదు. ఆ మాట ఉన్నంతకాలం ఊళ్లోవారెవరూ రాత్రి పైకి రారు. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. ఇక్కడ దొరికింది ఏమీ ఉండదనే నా నమ్మకం. పోయింది మాత్రం కళ్లెదుటే ఉంది. ఎవరో శిల్పి రోజుల తరబడి ఒక్కొక్క గంటనూ చెక్కి ఉంటాడు. ఫొటోలు తీసుకున్నాను. నందిని నిలబెట్టాలని చూశాను, కదల్లేదు.

దిగివచ్చేసరికి పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఫొటోలు చూపించాను. ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశాడు.

"నందిని కొట్టారా?"

"మెడ మీద, తాతా."

కర్ర నేలకు ఆనించి కొండ వైపు తిరిగాడు. "రేపు మా పిల్లలను తీసుకొని వస్తాను. గుంత పూడ్చాలి."

"ఫొటోలు అధికారులకు పంపుతాను. వాళ్లు వచ్చి చూసేదాకా ఆగు తాతా."

"అయితే వాళ్లు వచ్చేదాకా రాత్రిపూట అక్కడే పడుకుంటాం" అన్నాడు.