పంది ఒక సాకు

పైక్‌విల్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఒక పెద్దాయనకు వీపు మీద స్టెతస్కోపు పెట్టి, గాలి గట్టిగా పీల్చమన్నాను. పీల్చకుండా, "ముందు ఇది చెప్పండి డాక్, మీరు హాట్‌ఫీల్డుల పక్షమా, మెకాయ్‌ల పక్షమా?" అని అడిగాడు. ఊరికి కొత్తగా వచ్చిన ప్రతివాణ్నీ అడిగే ప్రశ్నే అది. ఆ రోజుకు నాకు ఆ రెండు కుటుంబాల్లో ఏదీ తెలియదు. "మాది పల్నాడు" అన్నాను. అదేదో మూడో వర్గం అనుకున్నాడేమో, మర్యాదగా తలూపి గాలి పీల్చాడు. సగంలోనే దగ్గు అడ్డుపడింది.

అమెరికాలోని ఈ కెంటకీ తూర్పు కొండల్లోకి నేను ఏరికోరి రాలేదు. జె-1 వీసా మీద ఇక్కడ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రి శిక్షణ, చేసిన డాక్టరు ఆ తర్వాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అది తప్పాలంటే డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేయాలి. 1994లో మొదలైన ఈ ఏర్పాటు కింద ఇప్పుడు ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 మందికి అవకాశం. నాతో చదివినవాళ్లు నగరాలకు గంట దూరంలో ఉన్న ఊళ్లు వెతికి పట్టుకున్నారు. నాకు ఏడు వేల జనాభా ఉన్న ఈ ఊరు దక్కింది. మూడేళ్లనుకున్నది తొమ్మిదో ఏడు నడుస్తోంది. గ్రీన్‌కార్డు వరుస సంగతి తెలిసినవాళ్లకు కారణం వేరే చెప్పనక్కర్లేదు.

ఊరు చిన్నదే గాని, దాని మొండితనం చిన్నది కాదు. వరదలు, రైలు, ఇరుకు రోడ్లతో విసిగి 1973 నుంచి 1987 దాకా పక్కనున్న కొండను నిలువునా కోసేశారు. 1 కోటీ 80 లక్షల ఘనగజాల రాయీ మట్టీ తీసి, నదిని, రైలు పట్టాలను, రోడ్డును ఆ కోతలోంచి మళ్లించారు. అమ్మ చూడటానికి వచ్చినప్పుడు కారు ఆపి చూపించాను. "నదికే ఇల్లు మార్పించారన్నమాట" అంది. చున్నీ బిగించుకుని, చలి, వెళదాం పద అంది.

హాట్‌ఫీల్డులు, మెకాయ్‌ల కథ నాకు ముక్కలు ముక్కలుగా పేషంట్ల నోటనే తెలిసింది. టగ్ ఫోర్క్ అనే ఏటికి అటు వెస్ట్ వర్జీనియాలో హాట్‌ఫీల్డులు, ఇటు కెంటకీలో మెకాయ్‌లు. 1878లో ఒక పంది ఎవరిదన్న తగవు కోర్టుకెక్కింది. జ్యూరీలో అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. ఒక మెకాయ్ హాట్‌ఫీల్డుల వైపు ఓటేయడంతో పంది వాళ్లదైంది. 1880లో ఎన్నికల రోజున రోజానా మెకాయ్ శత్రువుల ఇంటి కుర్రాడు జాన్సీతో వెళ్లిపోయింది. వాళ్ల పెళ్లి మాత్రం జరగలేదు. మరుసటి ఏడు అతను ఆమె పినతండ్రి కూతురినే చేసుకున్నాడు. 1882లో కత్తిపోట్లు, వాటికి బదులుగా ముగ్గురు అన్నదమ్ములను చెట్లకు కట్టి కాల్చడం, 1888 కొత్త సంవత్సరం నాడు ఇల్లు తగలబెట్టడం, 1890లో ఇదే పైక్‌విల్‌లో ఒక ఉరి. ఇల్లు కాలిపోయిన రోజానా తండ్రి రాండల్ఫ్ మెకాయ్ తర్వాత ఈ ఊళ్లోనే పడవ నడుపుకుంటూ బతికాడు. ఆయన, ఆయన భార్య, రోజానా ఊరి కొండవాలు మీది శ్మశానంలో ఉన్నారు. పర్యాటకులు వచ్చి ఫొటోలు దిగుతారు.

ఇదంతా విన్నప్పుడు నాకు కారంపూడిలో మా నాయనమ్మ గుర్తొచ్చింది. నాగులేటి ఒడ్డున కార్తీక మాసంలో వీరుల ఉత్సవాలు జరిగేటప్పుడు ఊరంతా కోడిపందెం గురించి, నాగమ్మ మాయ గురించి చెప్పుకునేవారు. నాయనమ్మ మాత్రం, "కోడి కోసం ఎవరన్నా చస్తారటరా? రాజ్యం కోసం గాని" అనేది. ఇక్కడి పంది కూడా అలాంటి కోడే. హాట్‌ఫీల్డుల ఇంటి పెద్ద డెవిల్ ఆన్స్ కలప వ్యాపారంలో బాగా పైకొచ్చినవాడు. పెరీ క్లైన్ అనే అతని దగ్గర్నుంచి కోర్టు ద్వారా ఐదు వేల ఎకరాలు రాబట్టుకున్నాడు. మెకాయ్‌లకు బంధువైన ఆ క్లైన్ పైక్‌విల్‌లో లాయరై, చల్లారుతున్న పాత కేసులను ఏళ్ల తర్వాత తిరగదోడాడు. ఇదంతా చెబితే ఎవరికీ రుచించదు. పందీ ప్రేమా అయితే ఇక్కడి ఉత్సవాల్లో టీషర్టుల మీద అచ్చేసుకోవచ్చు.

ఇక నా క్లినిక్ సంగతి. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను.

మా దగ్గర బీపీ చూసి, బరువు రాసి, రోగులను లోపలికి పంపే అమ్మాయి ఒకతి ఉంది. కొండల సందుల్లోని సన్నటి లోయలను ఇక్కడివాళ్లు హాలర్లు అంటారు. అలాంటి ఒక హాలర్‌లో తాతే ఆమెను పెంచాడు. ఆ తాత నా పేషంటు. ముప్పై అంగుళాల ఎత్తు కూడా లేని బొగ్గు పొరలో మోకాళ్ల మీద పాకుతూ, కొన్నిచోట్ల పక్కకు పడుకుని పనిచేసినవాడు. పొర పలచబడ్డ కొద్దీ యంత్రం బొగ్గుతో పాటు రాతినీ కోస్తుంది. ఆ రాతి ధూళి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడుతుంది. ఈ జబ్బు దాదాపు పోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 2016లో, తూర్పు కెంటకీలోని ఒక్క ఎక్స్‌రే క్లినిక్‌లోనే బాగా ముదిరిన కేసులు 60 తేలాయి. ఈయనది అంత ముదిరిన కేసు కాదు. ఆయన ఎక్స్‌రే నేను రోజూ చూసేవాటికి భిన్నంగా ఏమీ లేదు: రెండు పక్కలా పైభాగంలో చిన్న చిన్న తెల్లటి మచ్చలు.

ఈ జబ్బుకు పరిహారం ఇప్పించే చట్టం ప్రకారం 15 ఏళ్లు భూగర్భంలో చేసి, ఊపిరితిత్తులు చెడి ఇక ఆ పనికి పనికిరాకుండా పోతే, జబ్బు బొగ్గు వల్లే వచ్చిందని ముందుగా ఒప్పుకోవాలి. కాదని నిరూపించుకోవాల్సింది యజమానే. ఈయనకు కాగితాల మీద పదమూడేళ్లే ఉన్నాయి. మిగతా రెండేళ్లూ ఒక చిన్న గనిలో, శుక్రవారం సాయంత్రం కవరులో డబ్బు తీసుకుంటూ చేశాడు. ఎక్కడా రాయలేదు. యజమాని తరఫు లాయర్లు జబ్బంతా సిగరెట్ల వల్లేనని వాదించారు. సిగరెట్లు కాల్చిన మాట నిజమే.

ఆ చిన్న గని యజమాని కూడా నా పేషంటే. అంతే కాదు, నా పొరుగువాడు. ఊరికి పైన, వరద నీరు ఎక్కని కొండ మీద డాక్టర్లు, లాయర్లు, ఒకప్పటి గని యజమానులు ఉంటారు. నేను చేరినప్పుడు ఆసుపత్రివాళ్లు చూపించిన ఇల్లు ఆయన ఇంటి పక్కనే. మంచి మనిషి. వేసవిలో టమాటాలు బుట్టతో తెచ్చి గుమ్మంలో పెడతాడు, నేను గోంగూర పచ్చడి ఇస్తే మొహమాటానికి కాకుండా నిజంగానే తింటాడు. మొదటి సంవత్సరం నన్ను చూసి, "మీరంతా కష్టపడి పైకొస్తారు, మావాళ్లకే బద్ధకం" అన్నాడు. ఆ పొగడ్తను నేను నవ్వుతూ పుచ్చుకున్నాను. కారంపూడిలో మా నాన్న కౌలు రైతని, ఆ మాట మా ఆసామి కూడా ఎవరి గురించో అనేవాడని అప్పటికప్పుడు గుర్తురాలేదు. ఇంటికొచ్చి పప్పుకు తాలింపు వేస్తుంటే గుర్తొచ్చింది.

ఆ యజమాని మనవడు తాతను క్లినిక్‌కు తీసుకొచ్చేవాడు. బీపీ చూసేది ఈ అమ్మాయి. మూడు నెలలకోసారి రావాల్సిన నా పొరుగాయన ప్రతి నెలా రావడం మొదలుపెడితే, జబ్బు ముదిరిందని నేను కంగారుపడి పరీక్షలు రాశాను. మా నర్సు నవ్వు ఆపుకోలేక, "డాక్, ముదిరింది ఆయన జబ్బు కాదు" అంది.

పెళ్లి కుదిరింది. అమ్మాయి తాత రానన్నాడు. నా గదిలో ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని, ఒక్కో మాటకూ ఆగుతూ చెప్పాడు: "కుర్రాడు మంచివాడే. వాడి మీద నాకేమీ లేదు. ఆ రెండేళ్ల సంగతి ఆయనకు తెలుసు డాక్. ఒక్క కాగితం రాస్తే సరిపోయేది." అంతకుముందే పక్కింట్లో ఆ మాట కదిపి చూశాను. "అవన్నీ లాయర్లు చూసుకునే విషయాలు" అని నా భుజం తట్టి, బుట్టలో ఇంకో రెండు టమాటాలు వేశాడు. మళ్లీ అడగలేదు. గట్టిగా అడగవలసింది. పొరుగు, పేషంటు, వీసా, నాకూ సాకులకు కొదవ లేదు.

పెళ్లి నాటి పొద్దున అమ్మాయి ఫోను చేసింది. "తాతయ్య వస్తానన్నాడు. చొక్కా వేసుకుని గంట నుంచి అరుగు మీద కూర్చున్నాడు. మెట్ల మీంచి దించడానికి మీరు కాస్త సాయం రాగలరా?" వెళ్లాను. సిలిండర్లు రెండు నా కారులో పెట్టుకున్నాం. ఆయన దారంతా మాట్లాడలేదు, కోసిన కొండ దాటుతుండగా మాత్రం, "అక్కడ మా బాబాయి పనిచేశాడు" అన్నాడు.

బాప్టిస్టు చర్చి గుమ్మంలో కోటు వేసుకున్న కుర్రాడు అందరినీ అడిగినట్టే నన్నూ అడిగాడు: "పెళ్లికూతురి వైపా, పెళ్లికొడుకు వైపా?" ముందు వరుసలోంచి నా పొరుగాయన చెయ్యెత్తి, తన పక్కనున్న ఖాళీ చోటు చూపించాడు. నా చేతిలో ముసలాయన సిలిండరు బండి ఉంది. ఎడమ వైపు, వెనక నుంచి మూడో వరుసలో కూర్చున్నాం.

పాస్టరు ప్రసంగం మొదలుపెట్టాడు. ఇక్కడి పాస్టర్లకు గడియారం చూసే అలవాటు లేదు. ముసలాయన అటు వైపు ముందు వరుసలోని తెల్లటి తల వెనక భాగాన్ని చూస్తున్నాడు. నేను వంగి సిలిండరు ముల్లు చూశాను. పావు వంతు పైన ఉంది. రెండోది కారులోనే మర్చిపోయాను.