నీలం సంచి మంగళవారం

మంగళవారం పొద్దున పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టింది. గుమ్మం ముందున్న నీలం సంచిని చూపించి "రేపు కదా" అంది. నేను ఫోన్ తీసి మా ఊరి మున్సిపాలిటీ సైట్ చూపించాను. చెత్త బండి వచ్చేది మంగళవారం, మార్చి 8 అని స్పష్టంగా ఉంది. ఆవిడ ఫోన్ వంక చూడనే లేదు. "బుధవారం" అని, సంచి లోపల పెట్టుకోమన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

ఆ సైట్ కట్టింది నేనే.

బెల్జియంలో గెంట్‌కీ ఆంట్వెర్ప్‌కీ మధ్య ఒక చిన్న ఊళ్లో ఉంటాను. ఇక్కడ ప్లాస్టిక్ సీసాలు, రేకు డబ్బాలు, జ్యూస్ ప్యాకెట్లు నీలం సంచిలో వేయాలి. బండి రెండు వారాలకోసారి వస్తుంది. ముందురోజు సాయంత్రం కన్నా ముందే సంచి బయట పెడితే జరిమానా పడొచ్చు. అమ్మకి చెబితే, "మన తణుకులో పాట పెట్టుకుని వీధివీధికీ వస్తుంది చెత్త బండి. అక్కడ పదిహేను రోజులు ఇంట్లో దాచుకోవడమేంట్రా?" అంది.

మాది ఆరుగురున్న ఆఫీసు. సైట్లన్నీ డ్రూపల్ అనే, వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లోనే కడతాం. డ్రూపల్ పుట్టింది ఆంట్వెర్ప్‌లో కాబట్టి మావాళ్లకి అది ఊరి దేవుడితో సమానం. 2000లో అక్కడి యూనివర్సిటీ హాస్టళ్లలో ఎనిమిది మంది విద్యార్థులు ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ పంచుకునేవారు. ఈ రాత్రి భోజనం ఎక్కడ, నెట్ వస్తోందా లేదా అని రాసుకోవడానికి డ్రీస్ బైటార్ట్ అనే కుర్రాడు ఒక చిన్న సైట్ చేశాడు. హైదరాబాద్‌లో మా రూమ్ వాట్సాప్ గ్రూపులో నడిచిన వ్యవహారమూ ఇంతే, కాకపోతే మేము దాంతో ఏమీ కనిపెట్టలేదు. డోర్ప్ అంటే డచ్‌లో పల్లె. ఆ పేరుతో సైట్ అడ్రస్ దొరుకుతుందా అని వెతుకుతూ పొరపాటున డ్రాప్ అని టైప్ చేసి, అదే బాగుందని ఉంచేశాడట. బొట్టుని డచ్‌లో ద్రుప్పెల్ అంటారు, అదే డ్రూపల్ అయింది. 2001 జనవరిలో కోడ్ అందరికీ ఇచ్చేశాడు.

డ్రూపల్‌లో అసలు సరుకు తక్కువ, మిగతాదంతా మాడ్యూళ్లే, అంటే ఒక్కో పనికి విడిగా తగిలించుకునే ముక్కలు. ఫారం కావాలంటే ఒకటి, పేజీ అడ్రస్‌లు వాటంతటవే తయారవ్వాలంటే ఇంకొకటి. క్లయింట్ ఏది అడిగినా మా బాస్ "దానికో మాడ్యూల్ ఉంటుంది" అంటాడు, తొంభై శాతం ఉంటుంది కూడా. నాకు డచ్ నేర్పింది కూడా ఈ స్క్రీన్లే. ఇక్కడ మున్సిపాలిటీ పనంతా డచ్‌లోనే జరగాలి కాబట్టి బటన్లన్నీ డచ్‌లోనే పెట్టాలి. ఒకసారి పన్ను నొప్పితో వెళితే డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి ఏదో చెప్పుకుపోతోంది. అందులో "ఫెర్వైదెరెన్" అనే ఒక్క మాట తెలిసింది. మా డిలీట్ బటన్ మీద ఉండే మాటే అది. కుర్చీలోంచి లేవబోయాను.

చెత్త క్యాలెండర్‌కి రెడీమేడ్ మాడ్యూల్ కుదరలేదు. వీధిని బట్టి తేదీలు మారతాయి, పండగ వస్తే జరుగుతాయి. అందుకని తేదీ ఫీల్డ్ (తేదీ నింపే గడి) పెట్టి, హోమ్ పేజీలో "తర్వాతి బండి" అని చూపించడానికి నలభై లైన్ల మాడ్యూల్ నేనే రాశాను. ఎప్పుడైనా గంట కూడా అడుగుతారేమోనని ఫీల్డ్‌ని తేదీతో పాటు సమయం కూడా ఉండేలా పెట్టాను. అడగని దానికి ముందే పెట్టుకోవడం నాకున్న జబ్బు.

ఆ మంగళవారం ఆఫీసుకెళ్లి డేటాబేస్ తెరిచాను. సమయం ఉన్న ఫీల్డ్‌ని డ్రూపల్ మన గడియారంలో దాచదు, గ్రీనిచ్ లెక్కకి మార్చి దాస్తుంది. బెల్జియం చలికాలంలో ఒక గంట ముందుంటుంది. మున్సిపాలిటీ ఉద్యోగిని మార్చి 9, సున్నా గంటలు అని కొడితే లోపల చేరింది మార్చి 8, 23:00. వీధి పేజీల్లో డ్రూపల్ దాన్ని తిరిగి మార్చి సరిగ్గానే చూపిస్తోంది. నా మాడ్యూల్ మాత్రం దాచిన విలువలో మొదటి పది అక్షరాలు, అంటే తేదీ ముక్క, కత్తిరించి అలాగే పెట్టేస్తోంది. ఇరవైకి పైగా మాడ్యూళ్లలో తప్పున్నది నేను రాసినదాంట్లోనే! టెస్టింగ్‌లో తేదీ కనబడుతోందా అని చూశాను కానీ, సరైన తేదీయేనా అని చూడలేదు.

సమయం తీసేద్దామంటే ఒకసారి డేటా పడ్డాక ఆ ఫీల్డ్ రకం మార్చనివ్వదు. కొత్త ఫీల్డ్ పెట్టి, పాత తేదీలన్నీ అందులోకి సరిచేసి ఎక్కించేసరికి సాయంత్రమైంది.

మున్సిపాలిటీ ఆవిడకి ఫోన్ చేసి, టెన్షన్‌తో నాకొచ్చిన డచ్ అంతా పోగేసి క్షమాపణ చెప్పాను. ఆవిడ నవ్వింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదట. డిసెంబరులోనే ఇంటింటికీ కాగితం క్యాలెండర్ వేశారట, జనం దాన్నే చూసుకుంటారట. నాకూ వచ్చే ఉంటుంది, సూపర్ మార్కెట్ ప్రకటన అనుకుని పాత పేపర్లతో పాటు పారేసి ఉంటాను.

ఇంటికొచ్చేసరికి పోస్ట్ బాక్సులో మడిచిన కాగితం ఉంది. పక్కింటావిడ తన క్యాలెండర్ జిరాక్స్ తీయించి, నీలం సంచి రోజులకి పెన్నుతో సున్నాలు చుట్టి వేసింది. ఫ్రిజ్‌కి అంటించి, ముందుగా మార్చి 9 చూశాను. తర్వాత సంచి పట్టుకుని కిందికి దిగాను.