అత్తయ్యకు పక్షవాతం వచ్చిన రోజు: నా అనుభవం

పక్షవాతం వస్తే ఇక మంచమే గతి అనుకునే ఊరు మాది, తెనాలి దగ్గర. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఉదయం అత్తయ్య కుడిచేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. ‘ఏమైందత్తయ్యా’ అంటే మాట ముద్దగా వచ్చింది. మూతి ఎడమవైపుకు లాగేసింది. రెండు చేతులూ ముందుకు చాపి ఉంచమన్నాను. ఎడమచేయి నిలిచింది, కుడిచేయి వాలిపోయింది. మూతి, చేయి, మాట: వీటిలో ఒక్కటి హఠాత్తుగా తేడా చేసినా ఆగకూడదు. కొందరికి చూపు పోతుంది, నడక తూలుతుంది. చాలామందికి నొప్పి ఉండదు, అందుకే ‘కాసేపు పడుకుంటే సర్దుకుంటుందిలే’ అనుకుంటారు.

ఇంటిముందు జనం చేరారు. పసరు మందు ఎక్కడ పోస్తారో ఒకరు చెప్పారు. బీపీ బిళ్ల నాలుక కింద పెట్టమన్నారు ఇంకొకరు. పక్కింటి బాబాయిగారు ఆస్పిరిన్ తెచ్చారు. అందరిదీ ప్రేమే. కానీ నేను మంచినీళ్లు కూడా పట్టనివ్వలేదు. మింగే పట్టు తప్పితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడిగాను. గుంటూరు తీసుకెళ్లారు.

డాక్టరుగారి మొదటి ప్రశ్న: ‘ఆవిడ మామూలుగా ఉండగా ఆఖరున ఎప్పుడు చూశారు?’ గడువు లెక్క అక్కడి నుంచే. ఆరున్నరకు పాలబ్బాయితో మాట్లాడారని మావారు గుర్తుచేసుకున్నారు. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపు పడాలి, ఎంత ముందైతే అంత మేలు.

వేలు గుచ్చి షుగర్ చూశారు, అది పడిపోయినా ఇలాగే ఉంటుందట. వెంటనే సీటీ. మెదడుకు వెళ్లే రక్తనాళం పూడినా, చిట్లినా పైకి ఒకేలా కనిపిస్తుంది. పూడితే కరిగించాలి, చిట్లితే అదే మందు ప్రాణం తీయవచ్చు. స్కాన్‌కు ముందు ఆస్పిరిన్ వద్దనేది ఇందుకే. అత్తయ్యకు చిట్లలేదు. బీపీని 185/110 కిందికి దించారు.

ఇక సంతకం. ఆ మందుతో మెదడులో రక్తస్రావమై పరిస్థితి విషమించే ప్రమాదం వందలో ఆరుగురి దాకా ఉంటుందన్నారు. మావారికి కలం కదల్లేదు. హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు ఫోన్‌లో ఏడుస్తూ, ‘నేను వచ్చేదాకా ఆగండి వదినా’ అంది. ఆమె వచ్చేసరికి గడువు దాటిపోతుంది. ఫోన్ డాక్టరుగారి చేతికిచ్చాను. నాళం పూడి ఉన్నంతసేపూ నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతుంటాయని ఆయన ఓపిగ్గా చెప్పారు. ‘చేసేయండి’ అంది తను. మావారు సంతకం పెట్టారు.

బరువును బట్టి, కిలోకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున ఆల్టెప్లేస్ అనే ఆ గడ్డ కరిగించే మందు ఇచ్చారు. పదో వంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు సెలైన్‌లా. సాయంత్రానికి చేయి కాస్త లేచింది. మాట మాత్రం నెలలు పట్టింది, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఇప్పటికీ సాగుతున్నాయి. ఈసీజీలో గుండె లయ తప్పుతోందని తేలింది. అక్కడ పుట్టిన గడ్డే మెదడుకు చేరిందన్నారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మందు వేస్తున్నాం.

పక్క మంచం పెద్దాయన నిద్రలోనే చచ్చుబడి లేచారు. ఇక లాభం లేదని ఇంట్లోవాళ్లు సాయంత్రం దాకా తీసుకురాలేదు. పెద్ద నాళం పూడినప్పుడు, స్కాన్‌లో ఇంకా కాపాడుకోదగ్గ భాగం కనిపిస్తే, తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేస్తారు. కొందరికి 24 గంటల దాకా ఈ అవకాశం ఉంటుంది. ఆలస్యమైందని ఇంట్లో కూర్చోకండి, తీసుకెళ్లండి.