రాహుకాలానికి ముందే ఫాతిమానగర్ దాటాలని

మా బావ సౌదీలోని దమ్మాంలో పనిచేస్తారు. దసరాకు వచ్చి, దీపావళి చేసుకొని, కార్తీకం మొదట్లో తిరిగి వెళ్లడం ఆయనకు కొన్నేళ్లుగా ఆనవాయితీ. ఈసారి ఆయనకు సోమవారం మధ్యాహ్నం 1.30 గంటల విమానానికి టికెట్ దొరికింది. హనుమకొండ చౌరస్తా దగ్గరున్న మా ఇంటి నుంచి శంషాబాద్ దాకా కారులో దించిరావడం ఎప్పటిలాగే నా వంతు. నిరుడు కూడా నేనే దించాను గాని, అప్పుడు సాయంత్రం వేళ ఉప్పల్ మీదుగా వెళ్లి, ఎల్బీనగర్ దాటేసరికే చీకటిపడి, సామాను తీసుకునే కౌంటర్ మూయడానికి పావుగంట ముందు ఆయన లోపలికి పరుగెత్తవలసి వచ్చింది. ఆ రోజు బావ నన్నొక్క మాట అనలేదు. కాని ఈసారి టికెట్ కొన్న రోజే ఫోన్ చేసి, “బామ్మర్దీ, తొవ్వ ముందుగాల్నే ఖరారు చెయ్” అన్నారు. అనవలసింది ఆ ఒక్క మాటలోనే అనేశారు.

మామునూరులో విమానాశ్రయం ఉండి కూడా ఓరుగల్లు వాళ్లం విమానం కోసం ఇంత దూరం పోవడం ఎప్పుడూ కొంచెం నొప్పిగానే ఉంటుంది. నిజాం కాలంలో 1930లో కట్టిన ఆ విమానాశ్రయం దశాబ్దాలుగా మూతబడి ఉంది. 2008లో శంషాబాద్ మొదలైనప్పుడు చుట్టూ 150 కిలోమీటర్ల లోపు మరొకటి రాకూడదన్న ఒప్పందం ఉండడం మామునూరుకు అడ్డుపడింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది గాని, అక్కడ విమానం ఎక్కే రోజు వచ్చేదాకా మాకు జాతీయ రహదారి 163 తప్పదు.

నిరుడు నేను చేసిన పొరపాటు విమానం బయలుదేరే సమయాన్ని పట్టుకొని లెక్క వేయడం. ఈసారి కౌంటర్ మూసే సమయం నుంచి వెనక్కు లెక్కించాను. బయలుదేరడానికి 60 నిమిషాల ముందు కౌంటర్ మూస్తామని టికెట్ మీద స్పష్టంగా రాసి ఉంది. అంటే మాకు అసలు గడువు 1.30 కాదు, 12.30. గల్ఫ్ విమానాలకు సామాను బరువు తూచే దగ్గర వరుస పొడవుగా ఉంటుంది. పెట్టె బరువు ఎక్కువైతే అక్కడే నేల మీద విప్పి, పచ్చడి సీసాలు ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి మార్చుకోవలసి వస్తుంది. దానికి గంటన్నర పట్టుకొంటే పదకొండుకల్లా విమానాశ్రయం మెట్ల దగ్గర ఉండాలి. అనుకోని అడ్డంకులకు అరగంట తీసేస్తే 10.30. దారి దాదాపు 170 కిలోమీటర్లు, టిఫిన్‌కు ఆగడంతో కలిపి మూడుంబావు గంటలు. కాబట్టి ఇల్లు కదలవలసిన సమయం ఉదయం 7.15.

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఆర్టీసీ పుష్పక్ బస్సు పట్టుకోవచ్చని మా అక్క అన్నది. ఒంటరిగా, చిన్న సంచితో వెళ్లేవారికి అది మంచి మార్గమే. రెండు పెద్ద పెట్టెలతో ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కి దిగడం మాత్రం బావ వల్ల కాదు. ఇక కారుకు రెండు దారులున్నాయి. ఘట్‌కేసర్ దాటి నేరుగా ఉప్పల్‌లోకి దిగి, నగరం గుండా ఎల్బీనగర్, ఆరాంఘర్ మీదుగా పోవడం ఒకటి. ఘట్‌కేసర్ దగ్గరే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట, బొంగులూరు, తుక్కుగూడ మీదుగా శంషాబాద్‌లో దిగడం రెండోది. మ్యాపు మీద చూస్తే రెండోది చుట్టూ తిరిగినట్టు కనబడుతుంది, టోలు కూడా అదనం. కాని ఔటర్ మీద సిగ్నళ్లు లేవు, రెండు చక్రాల బండ్లూ ఆటోలూ ఎక్కవు, వేగ పరిమితి 120. ఉప్పల్ దారిలో ఉదయం పది గంటలప్పుడు ఎంత సేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఔటర్ మీద ఎంత సేపు పడుతుందో దాదాపు నిమిషాలతో సహా చెప్పవచ్చు. విమానం పట్టుకోవలసిన రోజున నాకు దగ్గరి దారి కన్నా నమ్మదగిన దారే ముఖ్యం.

అంతవరకు వచ్చాక తెలిసిందేమిటంటే, 170 కిలోమీటర్లలో నన్ను భయపెట్టేది హైదరాబాద్ కాదు, మా ఊరే. చౌరస్తా నుంచి ఎన్‌ఐటీ మీదుగా కాజీపేట దాటి మడికొండ చేరేదాకా ఉన్న ఆ కొద్ది దూరంలో ఫాతిమానగర్ రైల్వే వంతెన ఒక్కటే గొంతులో ముల్లు. బడి బస్సులు, కాలేజీ బస్సులు, ఆఫీసులకు పోయే బండ్లు అన్నీ ఎనిమిది, తొమ్మిదిన్నర మధ్యలో అక్కడికే చేరతాయి. ఫోన్‌లోని మ్యాపులో బయలుదేరే రోజూ సమయమూ పెట్టి చూసే వీలుంది గాని, అది చూపించే అంకెకు కిందా మీదా గంటకు పైగా తేడా ఉండడంతో, ముందటి వారంలో నేనే రెండుసార్లు కారు తీసి చూశాను. 7.15కు బయలుదేరిన రోజు 22 నిమిషాల్లో మడికొండ దాటాను. 9 గంటలకు బయలుదేరిన రోజు అదే దూరానికి 51 నిమిషాలు పట్టింది. ఆ రెండో రోజు ఒక బడి బస్సు వెనక ఎంతసేపు నిలబడ్డానంటే, వెనక అద్దంలోంచి ఇద్దరు పిల్లలు నాకు చేతులూపి, విసుగొచ్చి, మళ్లీ తమలో తాము కొట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఇంత లెక్క తేల్చి ఇంట్లో చెప్తే, అమ్మ క్యాలెండర్ తీసింది. సోమవారం రాహుకాలం ఉదయం 7.30 నుంచి 9 దాకా. ఆమె మాట ప్రకారం తొమ్మిది దాటాక బయలుదేరాలి, అంటే సరిగ్గా ఫాతిమానగర్ రద్దీలోకి పోవాలి. మనం 7.15కే కదులుతున్నాం కదా, రాహుకాలం రాకముందే ఇల్లు దాటుతాం అన్నాను. “నీ ఏడుంబావు నాకెర్క లేదా బిడ్డా? పెట్టెలు ఎక్కిచ్చేటాల్లకే ఏడున్నరైతది,” అన్నది అమ్మ. ఆమె అనుభవం ముందు నా గడియారం నిలవలేదు. చివరికి ప్రస్థానం పెట్టాలని తేలింది. బయలుదేరే వేళకు మంచి గడియ లేకపోతే, ప్రయాణం చేసేవారు వెంట తీసుకెళ్లే వస్తువును ముందే మంచి గడియలో పొరుగింట్లో ఉంచుతారు. దానితో ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఆదివారం రాహుకాలం సాయంత్రం ఆరింటికి పోతుంది కాబట్టి, ఆ తర్వాత ఎదురింట్లో పెట్టాలన్నది అమ్మ. సోమవారం వారశూల తూర్పు దిక్కుకు, బావ పోయేది పడమరకు, కనుక అటు నుంచి అభ్యంతరం లేదని కూడా తానే తేల్చింది.

నేను నా వంతుగా కాగితాలన్నీ ఒకే చోట ఉండాలని పాస్‌పోర్టు, అక్కడి నివాస కార్డు, టికెట్ ప్రతి, కొంత నగదు బావ చేతి సంచిలో పెట్టించాను. ఫాస్టాగ్‌లో డబ్బులు వేశాను. అది పనిచేయకపోతే టోలు దగ్గర మామూలు కన్నా ఎక్కువ కట్టాలి, పైగా అక్కడ వాదనతో పోయే సమయం వేరు. కారులో బావ, అక్క, చిన్న మేనల్లుడు తప్ప ఎవరూ ఎక్కకూడదని కూడా చెప్పాను. మా వైపు గల్ఫ్‌కు పోయేవారిని సాగనంపడానికి రెండు బండ్ల జనం వెళ్లడం మామూలే గనుక ఈ మాట కొందరికి నచ్చలేదు. ఆదివారం సాయంత్రం 6.20కి అమ్మ పసుపు కుంకుమ పెట్టి, ప్రస్థానం కింద ఎదురింట్లో ఉంచింది ఏ సంచినో నేను పట్టించుకోలేదు.

సోమవారం 7.10కి పెట్టెలు డిక్కీలో ఉన్నాయి. నా ప్రణాళిక ఐదు నిమిషాలు ముందే ఉందని లోలోపల మురిసిపోయాను. సంచి తెద్దామని బావ ఎదురింటికి వెళ్లి, ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. ఇంటికి తాళం. అది కార్తీక సోమవారం. ఇంటిల్లిపాదీ తెల్లవారుజామునే వేయిస్తంభాల గుడికి దీపాలు పెట్టడానికి పోయారు. పాస్‌పోర్టు ఆ తాళం వెనక ఉంది. నేను రెండుసార్లు దారి కొలిచాను, టోలు లెక్కించాను, బడి బస్సుల వేళ రాసుకున్నాను గాని, గుడి మా చౌరస్తాకు కూతవేటు దూరంలో ఉన్నా ఆ నెల కార్తీకమన్న సంగతి నా కాగితం మీద ఎక్కడా లేదు. వాళ్ల ఫోను మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మేనల్లుణ్ణి గుడి వైపు పరుగెత్తించాను. ఆ జనంలో వాడు వాళ్లను వెతికి పట్టుకొని తాళం చెవి తెచ్చేసరికి 7.48.

రాహుకాలం నడుస్తోంది. అమ్మ ముఖం వైపు చూశాను. “సంచి నిన్ననే బయలెల్లింది, మీరు దాని ఎనక పోతున్నరు. ఏం గాదు, పోండ్రి,” అన్నది. ప్రస్థానం పెట్టడంలోని అసలు ఉపయోగం నాకు అప్పుడు తెలిసింది. లేకపోతే ఆమె మమ్మల్ని తొమ్మిది దాకా కదలనిచ్చేది కాదు.

ఇప్పుడు ఫాతిమానగర్ వైపు పోతే ఎనిమిదికే మొదలయ్యే బస్సుల వరుసలో చిక్కడం ఖాయం. అందుకే వెనక్కు తిరిగి కరీంనగర్ రోడ్డు పట్టుకొని, నయీంనగర్, కాకతీయ యూనివర్సిటీ క్రాస్ రోడ్డు దాటి, చింతగట్టు దగ్గర బైపాస్ ఎక్కాను. ఉదయం పూట జనమంతా ఊళ్లోకి వస్తుంటారు గనుక ఎదురు వరుస నిండి ఉన్నా మా వైపు రోడ్డు ఖాళీగానే ఉంది. బైపాస్ మడికొండ అవతల రాంపూర్ దగ్గర హైవేలో కలుస్తుంది. దూరం పెరిగింది, కాని అక్కడికి చేరేసరికి 8.26. మొదటి నుంచీ ఈ దారినే ఎందుకు అనుకోలేదంటే, మ్యాపులో అది వంకరగా కనబడింది. ఔటర్ రింగ్ రోడ్డు విషయంలో అంత తెలివిగా ఆలోచించినవాణ్ణి మా ఊరి విషయంలో ఆలోచించలేదు.

ఆ తర్వాత చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. నాలుగు వరుసల రోడ్డు కాబట్టి స్టేషన్ ఘన్‌పూర్, కోమళ్ల టోలు, జనగామ సాఫీగా దాటాం. ఆలేరులో నిలబడే ఇడ్లీ తిని, పన్నెండు నిమిషాల్లో మళ్లీ ఎక్కాం. ఔటర్ ఎక్కాక మధ్యలో ఆగే వీలు ఉండదని అక్కకు, మేనల్లుడికి ముందే హెచ్చరించాను. రాయిగిరి దగ్గర మాత్రం యాదగిరిగుట్ట నుంచి వచ్చే కార్తీక భక్తుల బండ్లు హైవేలో కలుస్తుండడంతో పది నిమిషాలు నెమ్మదించాం. భువనగిరి కోట గుట్ట వెనకబడి, బీబీనగర్ దగ్గరి గూడూరు టోలు దాటి ఘట్‌కేసర్‌లో ఔటర్ ఎక్కేసరికి 10.31. అక్కడ ఎక్కినప్పుడు ఏమీ కట్టనక్కరలేదు, దిగే చోట దూరాన్ని బట్టి ఫాస్టాగ్‌లోంచి పోతుంది. నూరు మీద స్థిరంగా నడిపి శంషాబాద్ దగ్గర దిగి, 11.12కు విమానాశ్రయం బయలుదేరే వైపు పై అంతస్తులో కారు ఆపాను.

గుమ్మం దగ్గర భద్రతా సిబ్బంది పాస్‌పోర్టు, టికెట్ చూస్తారు కాబట్టి బావ ఒక్కరే లోపలికి వెళ్లారు. అద్దాల అవతల నుంచి ఆయన చేతి సంచి పైకెత్తి చూపించారు; పసుపు బొట్టు ఇంకా దాని మీద ఉంది. 12.05కు బోర్డింగ్ పాసు చేతికొచ్చిందని సందేశం పెట్టారు. పెట్టె రెండు కిలోలు ఎక్కువైందట, పచ్చడి సీసా ఒకటి చేతి సంచిలోకి మార్చబోతే అది విమానంలోకి అనుమతించరని అక్కడివాళ్లు చెప్పడంతో, కౌంటర్ దగ్గర ఎవరో కరీంనగర్ పిల్లవాడు తన పెట్టెలో పెట్టుకొని దమ్మాంలో ఇస్తానన్నాడట. ఆ సీసా చేరిందో లేదో అక్క మర్నాడు ఫోన్‌లో కనుక్కున్నది. చేరింది.